నలభై ఏడో నంబరు

మూడున్నరకల్లా యాభై తొమ్మిది మంది వచ్చేశారు. నలభై ఏడో నంబరు మాత్రం రాలేదు.

కవిటి దగ్గర తుపాను షెల్టర్లో కిడ్నీ శిబిరం అది. కిందటి వారం చుట్టుపక్కల నాలుగూళ్ళలో రక్తం తీసుకున్నారు. రిపోర్టు బాగోలేని అరవై మందికి ఫోనులో క్యూఆర్ కోడ్ పంపారు. గుమ్మం దగ్గర ఆ కోడ్ చూపిస్తే టాబ్ బీప్‌మంటుంది. లోపల డాక్టరుగారి తెర మీద నంబరూ, రిపోర్టూ కనిపిస్తాయి. పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

పేరుంటే ఈ ఊళ్ళలో ఒక్కరూ రారు మరి. ఫలానా ఇంట్లో కిడ్నీ జబ్బని తెలిస్తే ఆ ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఇంటి పిల్లని చేసుకోరు. అందుకే ఏ నంబరు ఎవరిదో తెలిసిన మనిషి శిబిరం మొత్తానికి ఒక్కతే, గౌరీశ్వరి. ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్నదీ, ఇప్పుడు టాబ్ పట్టుకుని గుమ్మంలో కూర్చున్నదీ ఆమే.

నోరు పెద్దది. ఆ నోటికి జడిసే సగం మంది వచ్చారని అనుకుంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

పొద్దున్న వరహాలమ్మ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

"ఏటత్తా, ఎక్కడికెల్తన్నావు?"

"సేపలు ఎండేసి వచ్చేసినానే. కాకులెత్తుకుపోతాయి."

"కాకుల సంగతి నేను సూత్తాను గాని ఫోను తియ్యి. బయపడి దాక్కుంటే జబ్బు వదిలేత్తాదేటి?"

ముసలావిడ సణుక్కుంటూ కోడలి ఫోను తీసి చూపించింది. బీప్.

మధ్యాహ్నం దానయ్య తువ్వాలు ముఖానికి చుట్టుకుని వచ్చాడు. ఆ నడక చూసి అందరూ గుర్తుపట్టేశారు. తను మాత్రం దాక్కున్నాననే అనుకున్నాడు పాపం. గౌరీశ్వరి నవ్వకుండా అతన్నీ లోపలికి పంపింది.

నాలుగింటికి డాక్టర్ రమణమూర్తిగారే బయటకి వచ్చారు. ఆయన ఆరింటికి పలాసలో రైలు అందుకోవాలి.

"నలభై ఏడు రాలేదేంటమ్మా? అరవైలో నేను అందరికంటే ముందు చూడాలనుకున్నది ఆ మనిషినే. ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ నాలుగు దాటింది. ఇప్పుడు మందులు మొదలెడితే డయాలసిస్ కొన్నేళ్ళు వెనక్కి నెట్టొచ్చు. నేను మళ్ళీ వచ్చేది మూడు నెలలకి. అప్పటికి చెయ్యి దాటిపోవచ్చు."

"ఆ సంగతి ఆవిడకి తెలుసు సార్."

"తెలిసీ రాదేం?"

గౌరీశ్వరి టాబ్ ఒళ్ళో పెట్టుకుంది.

"మొగుడికీ ఇదే జబ్బు సార్. మూడేళ్ళు సోంపేట తిప్పింది డయాలసిస్‌కి. ఆటోలో, వారానికి మూడుసార్లు. కిందటేడు పోయాడు. కాళ్ళు ఎప్పుడు పొంగుతాయో, ఊపిరి ఎప్పుడు ఆడదో అన్నీ దగ్గరుండి సూసేసింది. ఇప్పుడవన్నీ తనకేనంటే..."

"పిల్లలున్నారా?"

"ఇద్దరాడపిల్లలు. పెద్దదానికి వచ్చే నెల లగ్గం. పేరు లేకపోతే మట్టుకు ఏటి సార్? ఆ గదిలోకి ఎల్లడం నలుగురూ సూత్తారు కదా. పెళ్ళోరికి తెలీకుండా ఉంటాదా?"

డాక్టరుగారికి కోపం వచ్చింది. "పెళ్ళయ్యాక ఆ పిల్లకి తల్లి అక్కర్లేదా? ఆ మాట చెప్పలేకపోయావా?"

"సెప్పాను సార్. రాత్రంతా సెప్పాను. ఎల్తాననే అంది. తెల్లారేసరికి దైర్యం సాల్లేదు."

కుర్చీలు సర్దిస్తున్న ఈశ్వర్ చివరి మాటలు విని వాళ్ళ దగ్గరికి వచ్చాడు. శిబిరం నడిపే సంస్థ మనిషి అతను.

"అక్కా, ఇల్లెక్కడో సెప్పు. బండి మీద ఎల్లి తీసుకొచ్చేత్తాను. పావుగంట."

"వద్దు."

"పేరు సెప్పకు. ఈది సెప్పు, సాలు."

"వద్దన్నాను కదా! ఎవరి పేరూ బయటెట్టనని పెతి గుమ్మంలోనూ మాటిచ్చాను."

ఆ అరుపుకి, తన వంతు అయ్యేసరికి ఆలస్యమై ఆటో కోసం అరుగు మీద కూర్చున్న వరహాలమ్మ కూడా లేచి వచ్చింది. ఎవరో ఆడపిల్లల తల్లి రాలేదని మాత్రం విని బుగ్గలు నొక్కుకుంది.

"ఆ మడిసికి బుద్ది నేదేటే? ఆడపిల్లల్ని ఎవులి మొకాన ఏసి పోతాదంట? పొద్దున్న నన్ను తిట్టినావు సూడు, అలాగే నాలుగు తిట్టే. సిగ్గొచ్చి వత్తాది."

అంత నోరున్న గౌరీశ్వరి తలొంచుకుని, కొంగుతో టాబ్ తుడుస్తూ కూర్చుంది. పొద్దున్నించి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని ఈశ్వర్‌కి అప్పుడు గుర్తొచ్చింది. జాలేసింది.

నాలుగున్నరకి కారు వచ్చి ఆగింది. డాక్టరుగారు బ్యాగు భుజానికి తగిలించుకున్నారు.

"పోనీలే అక్కా. రానోళ్ళకి నువ్వేటి సేత్తావు? 'రాలేదు' అని నొక్కేసి లిస్టు మూసెయ్యి," అన్నాడు ఈశ్వర్.

తెర మీద నలభై ఏడుకి ఎదురుగా ఎర్రటి గడి ఉంది. అది నొక్కేస్తే ఇంక ఎవరూ అడగరు. మూడు నెలల దాకా అడగరు. ఆ తర్వాత అడిగినా లాభం ఉండదు. గౌరీశ్వరి వేలు గడి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఒక్క నిమిషం ఆగండి సార్." లేచి నిలబడింది. "నలభై ఏడు వచ్చేసింది."

ముగ్గురూ గుమ్మం బయటకి చూశారు. కారూ, కొబ్బరిచెట్లూ తప్ప ఎవరూ లేరు.

గౌరీశ్వరి తన ఫోనులో వచ్చిన క్యూఆర్ కోడ్ తెరిచి, తన చేతిలో ఉన్న టాబ్ ముందు తనే పెట్టుకుంది.