నాలుక కింద పొర

"నేను సంతకం పెట్టను సార్," అంది మాటలమ్మ.

ఆవిడ పిల్లల ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు. అంత పొడుగు పేరు పలికే తీరిక ఎవరికీ లేక, వార్డంతా కలిసి మాటలమ్మని చేసేశారు. ఎదురుగా ఉన్నది ఆ ఆసుపత్రికే పెద్ద సర్జన్. ఆయన దగ్గితే చాలు, నర్సులు సర్దుకుని నిలబడతారు. అంతటాయన మెట్లు దిగి ఆమె గదికొచ్చి, పిల్లల కోసం వేసిన బుల్లి కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడంటే ఊరికే కాదు. రేపు పొద్దున కత్తి పడబోయేది ఆయన సొంత మనవడి నాలుక మీద.

"మూడున్నరేళ్ళొచ్చాయి, ఒక్క మాట లేదు. నాలుక కింద పొర అంటుకుపోయింది, అంతే. అలాంటి నాలుక పెదవి దాటి రాదు, ఇక మాటెలా వస్తుంది? కోసేస్తే గలగలా మాట్లాడతాడు. చిన్నప్పుడు వీళ్ళ నాన్నకీ అంతే, పొర కోయించాకే మాటొచ్చింది. ఇప్పుడు వాడి నోరు ఆపలేక చస్తున్నాం."

"వీడి నాలుక చూశారా సార్?"

"నోరు తెరిస్తేగా! వేలు దగ్గరికి తీసుకెళ్తే కొరుకుతాడు వెధవ."

"నాకూ తెరవలేదు. చూడని నాలుకని ఎలా కోస్తారు?"

"మత్తిస్తే అదే తెరుచుకుంటుంది."

మాటలమ్మకి ఒళ్ళు మండింది. ఇప్పుడే పై వార్డులో, పాలు మింగడం రాని ఓ పసిగుడ్డుకి చెంప నిమురుతూ చుక్కచుక్కగా పట్టి వచ్చింది. ఆమె దగ్గరున్న ఓపిక ఆ భవనం మొత్తంలో ఎవరి దగ్గరా లేదు. కాకపోతే అదంతా పిల్లల వాటా. పెద్దవాళ్ళకి అందులోంచి చెంచాడు కూడా తీసివ్వదు.

"చూడమ్మా," అన్నాడు పెద్ద డాక్టరు గొంతు పెంచి. "నువ్వు సరేనని సంతకం పెడితేగానీ కదలనంటున్నాడు మత్తు డాక్టరు. రూలట! నా ఆసుపత్రిలో నాకు రూలు. నీకు ఉద్యోగం చెయ్యాలని లేదా?"

"ఉంది సార్. ఇప్పుడు చేస్తున్నది అదే."

కింద చాప మీద కూర్చున్న బుడ్డోడు తల ఎత్తాడు. వాడి చేతిలో గాజులా కనబడే ప్లాస్టిక్ డబ్బా, అందులో ఎర్ర బస్సు. మూత బిగించి మరీ ఇచ్చింది మాటలమ్మ, నోరు తెరిచి అడుగుతాడేమోనని. వాడు డబ్బా ఇలా ఎత్తాడో లేదో, పక్కనే వాళ్ళమ్మతో కలిసి కూర్చున్న నానమ్మ అలా అందుకుని మూత తీసేసింది.

"బస్సు కావాలట," అంది వాడి తరఫున. వాడు తలుపు వైపు చూశాడు. "దాహమేస్తోందట." వాళ్ళమ్మ నీళ్ళ సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. వాడు ముక్కు రుద్దుకున్నాడు. "ఫ్యాను తగ్గించమంటున్నాడండీ," అంది నానమ్మ భర్తతో. పెద్ద డాక్టరు లేచి స్విచ్చి తిప్పాడు.

"ఇంతమంది ఉండగా ఇంక వాడికి నోరెందుకండీ?" అంది మాటలమ్మ.

నానమ్మకి చురుక్కుమంది. "ఏం మాటలమ్మాయ్ అవి? పిల్లాడు నావల్లే మాట్లాడటం లేదంటావా?"

"వాడి చెవులు బాగున్నాయి. మనం చెప్పేదంతా అర్థమవుతోంది. మాట్లాడే వంతే రావడం లేదు. ఒక ఆట ఆడదాం. ఎవరు ముందు మాట్లాడితే వాళ్ళు ఓడినట్టు. వాడేం సైగ చేసినా ఎవరూ ఏదీ అందించకూడదు. వాడు నోరు తెరిచాక నాలుకలో తేడా కనబడిందా, సంతకం నేనే పెడతాను. కనబడలేదా, ఉద్యోగం పీకేసినా పెట్టను."

"ఆసుపత్రిలో ఆటలా!" అన్నాడు పెద్ద డాక్టరు. అయినా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఓ ఆడపిల్ల తనని ఓడించడమేమిటని ఆయన ధీమా.

మాటలమ్మ బస్సుని మళ్ళీ డబ్బాలో పెట్టి, మూత గట్టిగా బిగించి, బుడ్డోడి ముందు గొంతుక్కూర్చుంది. "నువ్వు కూడా ఆటలో ఉన్నావురా."

వాడు తలూపాడు. ఆట మొదలైంది.

వాడు డబ్బా గలగలలాడించి నానమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, పెదవులు బిగించి, కళ్ళతోనే బతిమాలింది. మాటలు గొంతు దాకా వచ్చి కొట్టుకుంటుంటే ఆవిడ మొహం కందిపోయింది. అమ్మ దగ్గరికి వెళ్ళాడు. వాణ్ణి చూస్తే ఎక్కడ కరిగిపోతానోనని ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది. మాటలమ్మ ముందు నిలబడ్డాడు. ఆమె సాయంత్రం దాకా ఇంకేం పని లేనట్టు వాణ్ణే చూస్తూ కూర్చుంది.

బుడ్డోడికి కోపమొచ్చింది. కాలితో నేలని తన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మాటలమ్మకి తెలుసు, ఇవాళ వీడు ఏడ్చుకుంటూ వెళ్ళిపోతే, రేపు ఇంకో ఊరి నుంచి ఇంకో థెరపిస్టుని పిలిపించి ఆ సంతకం పెట్టిస్తారు. అయినా కదల్లేదు.

వాడు చివరికి డబ్బాని తాత ఒళ్ళో పడేశాడు.

ఆయన మూత వంక చూశాడు. మనవడి కళ్ళు చూశాడు. ఆయన కోసం ఎంతమందో ఎదురుచూసి ఉంటారు గానీ, ఆయన ఎవరికోసమూ ఎదురుచూసి ఎరగడు.

"ఇదేం వైద్యమమ్మా, రాక్షసత్వం గానీ! పసివాడు ఏడుస్తుంటే బొమ్మల్లా చూస్తూ కూర్చోవాలా? ఇలా తేరా కన్నా, నేను తీసిస్తాను!"

బుడ్డోడు మాటలమ్మ వైపు చూశాడు. ఆమె నోరు విప్పకుండా, కనుబొమలెగరేసి పెద్ద డాక్టరు వైపు వేలు చూపించింది.

వాడికి అర్థమైంది. కన్నీళ్ళు చెంపల మీద ఉండగానే మొహం విప్పారింది. తాత చేతిలోంచి డబ్బా లాగేసుకుని వీపు వెనక దాచుకుని, ఆయన మొహంలో మొహం పెట్టి, నాలుక గడ్డం కిందిదాకా చాపి వెక్కిరించాడు.