కాకా అనకు

“కాకా అనకు బిడ్డా,” అన్నాడు కొత్తాయన, ఇస్తారి అందించిన కల్లు పోసే తాటాకు రేకను దోసిట్లో పట్టుకుంటూ.

ఇస్తారికి నవ్వొచ్చింది. ఒక కల్లు లొట్టి దగ్గర కూర్చున్నాక ఏదో ఒక వరుస పెట్టుకోకుండా తాగడం సిద్దిపేట మండువలో ఎక్కడిది? ఎవరివాడవని అడగరు, వయసు చూసి అన్నా, కాకా, తాతా అని పిలిచేస్తారు. నెత్తి నెరిసి, చెంపలు లోపలికి పోయిన మనిషిని చిన్నాయన వరసలో కాకా అంటే తప్పేముంది?

“మరేమనాలె?”

“ఏమనకు. పొయ్యి, చాలు.”

ఇస్తారి జోడీగాడు భూపతి కిసుక్కుమన్నాడు. “పడుచు పోరణ్ననుకుంటుండు గావచ్చు.”

అవి జర్మనీ లడాయి రోజులు. నూలు కంట్రోలులో పడి మగ్గాలు సగం పూటే ఆడేవి. పొద్దు వాలితే నేత పిలగాళ్లకు చేతులు ఖాళీ. ఉతికిన అంగీ తొడుక్కుని మండువకు చేరేవాళ్లు. తాటాకుల పందిరి, కందిలి వెలుగు, ఉప్పూ కారం చల్లిన శనగ గుడాలు, ఒకడు పాటెత్తుకుంటే ఇంకొకడి తప్పు తాళం. జేబులో ఏమీ లేకున్నా దొరల్లా నడిచేవాళ్లు. ఎంత బాగుండేవో ఆ సాయంత్రాలు, మళ్లీ రమ్మంటే రావు.

కొత్తాయన దవాఖానకు వచ్చానన్నాడు. ఊరేదంటే ములుగు దిక్కు అన్నాడు. అప్పట్నుంచి అంగడి రోజు వస్తే చాలు, ఇస్తారి పక్కనే చతికిలబడేవాడు. తాగేది తక్కువ, అడిగేది ఎక్కువ.

“తాగి పోతే మీ అవ్వ ఏమనదా?”

“ఏమనది. బువ్వ పెట్టి అటు మల్లి పండుకుంటది కాకా.”

“గా కాకా మానవా?”

మానలేదు. ఆ మాటకు ఆయన మొహం ముడుచుకుంటుంటే చూడటం ఇస్తారికి సరదా.

ఒక సాయంత్రం కల్లు తలకెక్కాక గుండెలోది బయటపెట్టాడు. చంద్లాపూర్ పిల్ల. కొమురవెల్లి జాతరలో చూశాడు, అప్పట్నుంచి నిద్ర లేదు. అవ్వ మనిషిని పంపి అడిగించింది. కబురు చేస్తామన్నవాళ్లు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నారు.

“పిల్ల బాపుకు తాగేటోళ్లంటే పడదట కాకా. నేను గిట్ల గీడ కూసుంటనని ఎవలన్న చెప్తే నా బతుకు ఆగమే.”

“మరి మానరాదు?”

“ఆ పిల్ల నా ఇంటికి రానీ, గప్పుడు మానుత.”

“అందరు గట్లనే అంటరు.”

“నేను అబద్ధమాడ.”

ఆయన ఏదో అనబోయాడు. అంతలో దగ్గు తెర పట్టుకుంది. వంగిపోయి దగ్గాడు. నేల మీద నెత్తురు చుక్క పడింది. చుట్టూ కూర్చున్నవాళ్లు లొట్లు తీసుకుని దూరం జరిగారు.

“నువ్వు గూడ జరుగురా, అంటుకుంటది,” అన్నాడు భూపతి.

ఇస్తారి జరగలేదు. ఆయన వీపు నిమిరాడు. భుజం మీది తువ్వాల తీసి మూతి తుడిచాడు. దొరక్క దొరికిన నూలుతో, ఎర్ర అంచులో పసుపు పోగులు వేసి, పెళ్లినాడు కప్పుకుందామని నేసుకున్న తువ్వాల అది. ఆగలేక ముందే భుజానికెత్తాడు.

రెక్క పట్టుకుని నడిపించుకుపోయి బండెక్కించాడు. ఆయన తువ్వాల తిరిగివ్వబోయాడు.

“ఉండనీ కాకా. అచ్చే అంగడికి తెద్దువు.”

ఆయన తువ్వాల అంచును వేళ్లతో తడుముతూ ఉండిపోయాడు. ఈసారి కాకా అన్నందుకు కసురుకోలేదు.

వచ్చే అంగడికి ఆయన రాలేదు. ఆ పై అంగడికీ రాలేదు.

“నీ కాక తువ్వాల ఎత్తుకపోయిండు పో,” అన్నాడు భూపతి.

ఇస్తారికీ అలాగే అనిపించింది. పెళ్లికని నేసుకున్నది పోయిందని మనసు చివుక్కుమంది.

దసరా ముంగిట్లో చంద్లాపూర్ నుంచి కబురొచ్చింది, పిల్లనిస్తాం రమ్మని. ఇస్తారి కాళ్లు నేల మీద లేవు. తల్లిని బండిలో కూర్చోబెట్టుకుని పోయాడు.

పిల్ల తల్లి కొండవ్వ చాప పరిచి మంచినీళ్లిచ్చింది. ఆమె నుదుట బొట్టు లేదు. ఇస్తారి నీళ్లు తాగి తలెత్తాడు. ఎదురుగా దండెం మీద ఉతికి మడిచిన తువ్వాల. ఎర్ర అంచు, పసుపు పోగులు.

“గా తువ్వాల...”

“నీదే అల్లుడా,” అంది కొండవ్వ. “పిల్ల బాపు దాసి పెట్టుమన్నడు. ఆయన పోయి నెల దాటింది. పిలగాడు తాగుతడని ఇన్నడు. తాగినంక ఎట్లుంటడో నేనే చూసొస్త అని, దవాఖానకు పోయినప్పుడల్ల ఊరు పేరు మార్చి చెప్పి నీ పక్క పొంటి కూసున్నడు. పిల్లను గా పోరనికే ఇయ్యుండ్రి, మనిషిని ఇడిసిపెట్టేటోడు కాదు అన్నడు.”

ఇస్తారి చెయ్యి తువ్వాల లేని భుజం మీదికి పోయింది.

“కాకా అంటే నా బిడ్డ నీకు చెల్లెలైతది గదరా అని చెప్పలేక సచ్చిన అని నవ్వేటోడు,” అంటూ కొండవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇస్తారి లేచి దండెం దగ్గరికి పోయాడు. తువ్వాల మీద చెయ్యి వేసి, ఆ పిలుపుకు పలికే మనిషి లేని ఆ ఇంట్లో మొదటిసారి “మామా” అని పిలిచాడు.