మారెన్ కూరిన తూటాలు

రైఫిల్ బోల్ట్ పిడి పైకి లేవలేదు. మారెన్ ఇంకాస్త బలం పెట్టింది. అయినా కదల్లేదు.

"దాంతో కుస్తీ పట్టకు," అన్నాడు వెనక నుంచి ఆమె తండ్రి ఆర్విడ్. "అరచేత్తో మెల్లగా తట్టు."

తట్టింది. పేలిన తూటా తాలూకు ఇత్తడి గుల్ల బయటికొచ్చి కాల్పుల బల్ల మీద పడింది. ఆర్విడ్ దాన్ని అందుకుని జేబులు తడుముకున్నాడు. కళ్ళద్దాలు లేవు. ఇంట్లో మర్చిపోయి రావడం ఈ వారంలో ఇది మూడోసారి.

"నీ గోరుందిగా నాన్నా," అని నవ్వింది మారెన్.

నిజమే. మొంటానా కొండల్లో ఈ పక్కన ఆర్విడ్ గోటికి ఉన్నంత పేరు చాలామంది కళ్ళకు లేదు. గుల్ల అడుగున మందుని అంటించే ప్రైమర్ అంచు గుండ్రంగా మిగిలిందో, ఒత్తిడికి చదునైపోయిందో ఒక్కసారి గోటితో రాసి చెప్పేస్తాడు. సూప్‌లో ఉప్పు కూడా త్రాసులో తూచి వేస్తాడని ఊళ్ళో వాళ్ళు వేళాకోళం చేస్తారు. చేస్తే చేయనీ. ముప్పై ఏళ్ళుగా తన మాగ్నమ్ రైఫిల్ తూటాలకు తనే మందు కూరుకుంటున్నా ఆయనకి పది వేళ్ళూ, రెండు కళ్ళూ భద్రంగా ఉన్నాయి. పక్క లోయలోని లాయిడ్‌కి లేవు. మందు ఎక్కువైన తూటా ఒక్కటి, అతని ఎడమ చేతి వేళ్ళు మూడు పట్టుకుపోయింది.

ఇవాళ పరీక్ష మారెన్‌ది. మొదటిసారి తండ్రి పక్కన లేకుండా ఇరవై తూటాలు కూరింది. ఇవి నెగ్గితే వర్క్‌షాపు తాళంచెవి ఒకటి ఆమెకిస్తానని ఆర్విడ్ మాటిచ్చాడు. నలభై ఏళ్ళ మనిషికి ఇదేం పరీక్ష అని స్నేహితులు నవ్వారు గానీ, ఆ తాళంచెవి కోసం ఆమె రెండేళ్ళు ఎదురుచూసింది. శనివారం ఎల్క్ దుప్పుల వేట మొదలు. పరీక్ష పెట్టేవాడి దర్జా అంతా చూపిస్తూ, ట్రక్కులోని రెండు ఆకుపచ్చ డబ్బాల్లో ఒకటి తెచ్చి, మూత తెరిచి ఆమె ముందు పెట్టింది కూడా ఆర్విడే.

"అంచు చదునైంది," అన్నాడు గోరు ఆనించి. "కానీ ఒక్క గుల్ల మాట నమ్మకూడదు. లోపల నూనె చుక్క ఉన్నా బోల్ట్ ఇలా బిగుసుకుంటుంది. తుడిచి ఇంకోటి కాల్చు."

తుడిచింది. కాల్చింది. ఈసారి బోల్ట్ అరచేతి దెబ్బకీ లొంగలేదు. ఆర్విడ్ ట్రక్కులోంచి చెక్క సుత్తి తెచ్చి కొట్టాల్సి వచ్చింది. గుల్ల అడుగున ఇత్తడి ఒరుసుకుని కొత్త మచ్చ తళతళలాడుతోంది. ప్రైమర్ వదులైపోయి ఆయన అరచేతిలోకి ఊడి పడింది.

ఇక కాల్చే మాట లేదు. మారెన్ డబ్బా మూత వేసింది. వేసిన చెయ్యి అలాగే ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇప్పుడు భయపడి ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు," అన్నాడు ఆర్విడ్. "మూత మీద చీటీ ఉందిగా. ఏం రాశావో చదువు."

మందు పేరు, తూకం, తేదీ. మారెన్ తడుముకోకుండా చెప్పింది.

"తూకం సరిగ్గానే ఉంది. అంటే పడిందే వేరే మందు. వర్క్‌షాపు బల్ల మీద ఒకేసారి రెండు డబ్బాల మందు పెట్టొద్దని నీ పదహారో ఏటి నుంచీ చెప్తున్నాను. పెట్టావా?"

మారెన్ చీటీని అరచేత్తో కప్పింది.

"పెట్టాను నాన్నా."

ఆర్విడ్ బెంచీ మీద కూలబడ్డాడు. ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకోబోతే సగం కింద పోయింది. ఎన్నడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు పెంచాడు. మూడో తూటా పేలి ఉంటే ఆమె మొహాన్ని ఈ బల్ల మీద ఏరుకునేవాణ్ణన్నాడు. తాళంచెవి సంగతి మర్చిపొమ్మన్నాడు. మాటకి మాట అప్పజెప్పే మారెన్ అన్నిటికీ తలూపింది. మధ్యమధ్యలో కళ్ళద్దాలు లేని తండ్రి జేబు వైపు చూసింది.

"శనివారం ఇద్దరం నావే వాడదాం," అన్నాడు చివరికి, కాస్త చల్లబడి. "ట్రక్కులో ఇరవై ఉన్నాయి."

"వద్దు."

ఆ మాట కటువుగా వచ్చింది. ఆర్విడ్ తలెత్తి చూశాడు.

"ఏ మందు ఏ డబ్బాలో తిరిగి పోశానో నాకే గుర్తులేదు," అంది మారెన్ మెల్లగా. "నీవీ ఆ మందు డబ్బాల్లోంచి కూరినవేగా. అన్నీ విప్పేద్దాం నాన్నా. ఆ మందంతా పారబోసి, కొత్తది తెరిచి మళ్ళీ కూరుదాం. నేను తూచింది నువ్వు చూడు, నువ్వు తూచింది నేను చూస్తాను."

"నేను తూచింది నువ్వెందుకే చూడటం?"

"నేర్చుకోవడానికి."

ఆ జవాబు ఆర్విడ్‌కి నచ్చింది. ఇక మీదట వర్క్‌షాపు బల్ల దగ్గర ఎవరూ ఒంటరిగా కూర్చోకూడదని, అదే ఆమెకి శిక్ష అని తనే తీర్మానించాడు. దారి పొడుగునా మారెన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సిగ్గుపడిందిలే అనుకున్నాడాయన.

ఇంటికి రాగానే ఆర్విడ్ కళ్ళద్దాలు వెతుక్కుంటూ లోపలికి వెళ్ళాడు. మారెన్ డబ్బాలు రెండూ వర్క్‌షాపులో పెట్టి, తాను కాల్చిన తూటాల డబ్బా మూత మీది చీటీని గోటితో పీకేసింది. పొయ్యి తలుపు తెరిచింది. నిప్పుల్లో వేసే ముందు దాన్ని ఇంకొక్కసారి చూసింది.

ఆ చేతిరాత నాన్నది.