మెలకువ వీసా

చిలీకి విశాఖ నుంచి తిన్నగా వెళ్లే విమానం లేదు. మధ్యలో దిగే దేశం వీసా త్రినాథ్‌కి ఉద్యోగం వల్ల వచ్చింది. భార్య పైడితల్లికి రాలేదు. వీసా లేనివాళ్లు ఆ నేల మీద మెలకువగా ఉండకూడదు. అందుకని ఆమెకి సూది వేసి నిద్రపుచ్చి, మూత ఉన్న తోపుడుబండిలో పడుకోబెట్టారు. మత్తులో ఏమీ వినబడదని చెప్పారు. ఆ బండిని తర్వాతి విమానం దాకా తోసుకెళ్లడం వెంట వచ్చినవాళ్ల పని.

ఆ దేశం విమానాశ్రయంలో కాఫీ కొట్టు దగ్గర త్రినాథ్ పై అధికారి దినకర్ ఎదురయ్యాడు. ఆయన భార్య పక్కనే నిలబడి కాఫీ తాగుతోంది.

"ఏమోయ్, ఒక్కడివే వచ్చావా?"

త్రినాథ్ బండి మీద నుంచి చెయ్యి తీసేశాడు. కాలితో మెల్లగా దాన్ని స్తంభం వెనక్కి నెట్టాడు.

"ఒక్కణ్ణే సార్."

చిలీలో దిగాక మూత తీశారు. పైడితల్లి లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంది.

"బాగా నిద్రపట్టిందా?" అన్నాడు త్రినాథ్.

ఆమె అతని భుజాన ఉన్న సంచీకేసి చెయ్యి చాపింది.

"అదిలా ఇచ్చీండి. ఒక్కరే వచ్చినారు కదా, అలిసిపోయుంటారు."