ఆగిన మాట

“ఆ తీగల్లోంచి ఇక లేమ్మా. కాస్త తిను,” అంది టేబుల్ మీది యంత్రం. అన్నది నాన్నే. గొంతు ఆపరేషన్ అయ్యాక ఆయన టైపు చేస్తాడు, అది పలుకుతుంది.

ఈమధ్య అదీ ఉన్నట్టుండి మూగబోతోంది. దాని చిప్పులో ఏమైందో చూసే పరికరం, దాన్ని తయారుచేసిన కంపెనీ దగ్గరే ఉంది. బయటివాళ్లకు ఇవ్వరట. కొత్త యంత్రం కొనుక్కోమని చేతులు దులిపేసుకున్నారు. ఒళ్లు మండి, ఆ పరికరం నేనే తయారుచేస్తున్నాను. పనిచేస్తే దాని డ్రాయింగులు నెట్‌లో అందరికీ పెట్టేస్తాను. పనిచేసి చావాలిగా!

టంకం వేస్తాను, తీగ మారుస్తాను, కంప్యూటర్‌లోంచి నాన్న యంత్రంలోని చిప్పును ఆగమంటాను. అది ఆగితేనే లోపల ఏముందో చూడొచ్చు. ఉలకదు, పలకదు. లేచి గదంతా తిరిగి మళ్లీ కూర్చుంటాను.

“నిన్నే తల్లీ, నేను చెప్పేది కాస్త...”

మాట అక్కడే తెగింది. నేను విసురుగా తీగ బిగించి మీట నొక్కిన క్షణమది. తెర మీద చిప్పు జవాబు వచ్చింది: ‘ఆగింది.’

“నా మాట వింది నాన్నా! వింది!” గంతులేశాను. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాను.

నాన్న చేతులు మీటల మీదే ఆగిపోయాయి. అప్పుడు తట్టింది, నేను ఆపింది ఆయన గొంతునని. గబగబా ‘నడిపించు’ నొక్కాను.

“...విను,” అని తెగిన చోటి నుంచే పూర్తిచేసింది యంత్రం.

నాన్న నన్నే చూస్తూ, నెమ్మదిగా మళ్లీ టైపు చేశాడు.

“నా ఆపరేషన్ అయ్యాక నువ్వు నవ్వడం ఇదే మొదటిసారి. ఇంకోసారి ఆపమ్మా.”