బోర్డు మీద బొమ్మ

“ఈ పేపరు కటింగు చూపిస్తే కేసు మనదేనమ్మా,” అంటూ ఉమాకాంతం మాస్టారు ఫ్రేము కట్టించిన పటాన్ని వైదేహి టేబుల్ మీద పెట్టారు. జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా బస్సులో దాన్ని ఒళ్లోంచి దించలేదు.

ఫోను తెరంతా వెలుగు సమానంగా పరుచుకునేలా ప్లాస్టిక్ పలక మీద చుక్కలు చెక్కే పద్ధతి వైదేహిది. ఆ పేటెంటు చెల్లదని ఓ పెద్ద కంపెనీ కేసు వేసింది.

ఫొటోలో కాలేజీ ఎగ్జిబిషన్. పలక పట్టుకుని వైదేహి, వెనక బోర్డు మీద, అప్పట్లో ఆమెకి ఫిజిక్స్ చెప్పిన ఉమాకాంతం మాస్టారే స్వయంగా గీసిన బొమ్మ. బల్బు దగ్గర చుక్కలు పలచగా, దూరం వెళ్లేకొద్దీ దట్టంగా, కొలతలతో సహా.

వైదేహి తేదీ చూసింది.

“నేను పేటెంటుకి అప్లై చేసింది దీని తర్వాత రెండేళ్లకి సార్.”

“అదే కదమ్మా. అప్పటికే నువ్వు కనిపెట్టావని రుజువు.”

“అప్పటికే అందరికీ చూపించేశామని రుజువు సార్. అప్లై చేయకముందే బయటపెట్టిన దానికి పేటెంటు నిలవదు.” ఆమె గొంతు తగ్గించింది. “దీన్ని ఇంకెవరైనా చూశారా?”

మాస్టారు పటాన్ని మెల్లగా తన వైపు లాక్కున్నారు.

పోయిన నెల ఎవరో ఇద్దరు ఆయన ఇంటికొచ్చారు. వైదేహి మీద పుస్తకం వేస్తున్నామన్నారు. ఆయన కాఫీ ఇప్పించి, గోడ మీది పటం దించి, ఫొటో తీసుకోమని పట్టుకుని నిలబడ్డారు.

అద్దం మీద వెలుతురు పడి బొమ్మ సరిగా రావడం లేదంటే, వెళ్లి కిటికీ తలుపులు మూసింది కూడా ఆయనే.