ఉషారాణి గిటారు

“ఇంక నావల్ల కాదండీ,” అంటూ ఉషారాణి గిటారును మంచం మీద పడేసింది. ఎడమచేతి చూపుడువేలి కొస మళ్లీ చిట్లింది. రక్తం తీగకు కూడా అంటుకుంది.

మూడు నెలలుగా ఇదే వరస. ఫోన్లో వీడియో పాఠాలు చెప్పే ఆవిడ మాత్రం నవ్వుతూనే ఉంటుంది. ‘మొదట్లో అందరికీ వేళ్లు నొప్పెడతాయి, ఒక్క నెల ఓర్చుకోండి’ అంటుంది. ఉషారాణి మూడు నెలలు ఓర్చుకుంది. వేళ్లు కాయలు కాశాయి, పగిలాయి, మళ్లీ కాశాయి. నాలుగైదు తీగలు కలిపి మీటే కార్డ్ ఒక్కటి కూడా తిన్నగా పలకలేదు. ఎంత గట్టిగా నొక్కినా తీగ గిటారు మెడ మీది మెట్టుకు ఆనదు. ఆనినా టప్పుమని ఒక చచ్చు చప్పుడు.

సుకుమార్ పేపరు పక్కనపెట్టి దూది, ఆయింట్‌మెంటు తెచ్చాడు. పక్కన కూర్చుని చంటిపిల్లకు కట్టినట్టు భార్య వేలికి కట్టు కట్టాడు.

“ఎందుకు ఉషా ఈ బాధ? నేనేమన్నా వద్దన్నానా? అడిగినావు, కొనిచ్చినా. కానీ నీ వేళ్లు చూస్తా ఉంటే నాకు అన్నం సయించటం లేదు.”

నిజమే, సుకుమార్ వద్దనే మనిషి కాదు. రొయ్యల మేత వ్యాపారం చేసుకునే వాళ్లలో పెళ్లానికి గిటారు కొనిచ్చిన మొగుడు ఇందుకూరుపేట మొత్తానికీ ఆయనొక్కడే. కొన్న రోజు ఆ ఫొటో వాట్సాప్‌లో పెడితే చెరువుల రైతులంతా చప్పట్ల బొమ్మలు పంపారు. వాళ్ల ఆడవాళ్లయితే, మొగుడంటే ఆయనే అన్నారు.

వద్దనే మనిషి వసారాలో కూర్చుని ఉంది. అత్తగారు ఆదిశేషమ్మ.

“ఇద్దరు మగబిడ్డల తల్లికి పాటల పిచ్చి ఇప్పుడు పట్టిందా? ఆ తీగలు తెగి పెంటలో పడితే బాగుండు,” అంది, లోపలికి వినపడేట్టు.

ఉషారాణి కళ్లు తుడుచుకుంది. “కొన్న షాపులోనే ఇచ్చేసి వద్దాం పదండి. బిల్లు కూడా ఉంది.”

“అంత దూరం ఎందుకు? ఇక్కడే ఎవరికన్నా ఇచ్చేస్తే పోలా?”

“లేదండీ. అది ఇంకొక్క పూట కూడా నా కళ్ల ముందు ఉండకూడదు.”

సుకుమార్ దానికీ వద్దనలేదు. కారు తీశాడు.

నెల్లూరు చిన్నబజారులో షాపు ముందు ఆపి, “ఇక్కడ బండి పెడితే పోలీసులు తాళం వేసేస్తారు. నేను కార్లోనే ఉంటా, నువ్విచ్చేసి రా,” అన్నాడు.

షాపు యజమాని దరియావలి నమాజుకు వెళ్లాడు. ఆయన కూతురు ఫరీన్ తబలాకు తోలు బిగిస్తోంది. లేచి గిటారు అందుకుని, ఒడిలో పెట్టుకుని ఒక్కసారి మీటింది. మొహం చిట్లించింది.

“దీన్ని ఎవరక్కా వాయించేది?”

“నేనే. నేర్చుకుందామనుకున్నా. మూడు నెలలు తిప్పలు పడ్డా. నాకు రాదులేమ్మా.”

“మూడు నెలలా? దీని మీదా?” ఫరీన్ పెన్సిలు తీసి తీగల కింద దూర్చింది. సులువుగా దూరింది. “చూడండి, తీగలు ఎంత ఎత్తులో ఉండాయో. ఇరవై ఏళ్లు వాయించిన వాళ్లు కూడా దీన్ని నొక్కలేరు. తప్పు మీ వేళ్లది కాదక్కా.”

తప్పు మీది కాదని ఎవరైనా చెప్పి ఎన్నాళ్లయిందో ఉషారాణికి గుర్తులేదు.

ఫరీన్ తీగలు వదులు చేసి, పట్టకారుతో రెండు చెక్క ముక్కలు బయటికి లాగింది. ఒకటి గిటారు మెడ దగ్గర, ఇంకొకటి కింద తీగలు ఆనే చోట. “కంపెనీ వాళ్లు పెట్టినవి కావివి. ఎవరో చెక్కి దూర్చినారు. మీరు వాయించకుండా ఉండాలనే చేసినట్టుంది.”

గిటారంటే గిట్టని మనిషి ఇంట్లో ఒక్కరే. ముసలమ్మ ఎవరితోనో చేయించి ఉంటుంది. ఉషారాణి ఒళ్లు మండిపోయింది. ఎదురుగా తిట్టేది చాలక ఇదొకటా అనుకుంది.

“ఇప్పుడు వాయించండక్కా,” అంటూ ఫరీన్ తీగలు బిగించి ఇచ్చింది.

ఉషారాణి కట్టు విప్పేసింది. వేళ్లు భయం భయంగా ఆనించి మీటింది. కార్డ్ జల్లుమని షాపంతా పలికింది. నమ్మలేక మళ్లీ మీటింది. మళ్లీ పలికింది. మూడు నెలల ఏడుపంతా అప్పుడొచ్చింది, నవ్వుతోపాటే. వెంటనే ఫోన్ తీసింది.

“ఏమండీ, ఒక్కసారి లోపలికి రండి.”

“బండి ఇక్కడ...”

“బండి ఉండనీండి. నాకు వచ్చేసిందండీ. తప్పంతా గిటారుదేనంట. మీ అమ్మ సంగతి ఇంటికి పోయి మాట్లాడుకుందాం గానీ, ముందు వచ్చి వినండి.”

ఫోన్లో కారు తలుపు చప్పుడయింది. సుకుమార్ వచ్చి గుమ్మం దగ్గరే ఆగాడు. ఉషారాణి ఆయన కళ్లలోకి చూస్తూ, చిన్నపిల్లలా గర్వంగా ఇంకోసారి మీటింది.

అంతలో దరియావలి నమాజు నుంచి తిరిగొచ్చాడు. మెట్టు దగ్గర చెప్పులు విడుస్తూ సుకుమార్‌ను చూసి నవ్వుతూ సలాం చేశాడు.

“ఏం సారూ, తీగలు ఎత్తి పెట్టించుకోని పోతిరే, మీ పాప గిటారు మానేసి చదువులో పడిందా?”